ఫొటో తర్వాత ఆమె ఎక్కడికి వెళ్ళింది?

విశాఖ బీచ్ రోడ్డులో 'విక్టరీ ఎట్ సీ' స్మారకం ఉంది. 1971 యుద్ధంలో నౌకాదళం సాధించిన విజయానికి గుర్తుగా 1996లో కట్టారు. ఆ యుద్ధంలో పాల్గొన్న కుర్సురా జలాంతర్గామి కూడా అదే రోడ్డులో ఉంది. దాన్ని 2002లో ఒడ్డుకు చేర్చి మ్యూజియం చేశారు. పిల్లలు లోపలికి వెళ్ళి ఆ ఇరుకు పడకలని వింతగా చూసి, బయటికొచ్చి ఫొటో దిగుతారు. 2017లో 'ఘాజీ' సినిమా వచ్చాక తెలుగు విద్యార్థులకి 1971 అంటే సముద్రం అడుగున మునిగిన ఒక శత్రు జలాంతర్గామి. కొంచెం చదువుకున్నవాళ్ళకి ఇంకో బొమ్మ కూడా గుర్తుంటుంది. డిసెంబరు 16న ఢాకా రేస్‌కోర్సు మైదానంలో చిన్న బల్ల ముందు కూర్చుని జనరల్ నియాజీ సంతకం పెడుతుంటాడు, పక్కనే జనరల్ అరోరా చూస్తుంటాడు, వెనక యూనిఫారాలు వరసగా నిలబడి ఉంటాయి. 13 రోజుల యుద్ధం, 93,000 మంది బందీలు, ఒక గెలుపు.

ఆ ఫొటోలో అందరూ మగవాళ్ళే అని ఎత్తిచూపటం తేలిక. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఆ యుద్ధం అక్కడి మనుషులకి 13 రోజులది కాదు. మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం ఢాకా మీద విరుచుకుపడినప్పుడు మొదలై దాదాపు 9 నెలలు నడిచింది. సుమారు కోటి మంది సరిహద్దు దాటి మన దేశంలోకి వచ్చారు. చనిపోయినవాళ్ళు 3 లక్షలా 30 లక్షలా అన్న వాదన ఇంకా తెగలేదు. అత్యాచారానికి గురైన స్త్రీలు 2 లక్షలని బంగ్లాదేశ్ ప్రభుత్వం చెప్తూ వచ్చింది. 2 లక్షలు అని నల్లబల్ల మీద రాయొచ్చు. విద్యార్థులు నోట్సులో ఎక్కించుకుంటారు కూడా. అంత పెద్ద సంఖ్యలో ఏ ఒక్కరి ముఖమూ కనిపించదు. ముఖం కావాలంటే ఏం చెయ్యాలి? ఫొటో చూపించాలి అని వెంటనే అనిపిస్తుంది. సాహిత్యం పాఠంగా ఒక యుద్ధాన్ని చదివించేవాళ్ళకి అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

1971 స్త్రీలకి సంబంధించి అందరికన్నా ఎక్కువ చూసిన ఫొటో నైబుద్దీన్ అహ్మద్ తీసినది. జుట్టంతా ముందుకి పడి ముఖాన్ని పూర్తిగా కప్పేసి ఉంటుంది. పిడికిళ్ళు బిగించిన చేతులు ముఖం దగ్గర ఉంటాయి. పోస్టర్ల మీదా ప్రదర్శనల్లోనూ ఆ బొమ్మ ఎన్నోసార్లు వచ్చింది. తరగతిలో దాన్ని తెర మీద వేస్తే గది నిశ్శబ్దమైపోతుంది. కొందరు తలదించుకుంటారు. 'అయ్యో' అన్న శబ్దం వినిపిస్తుంది. పాఠం ఫలించిందని టీచరుకి అనిపించే క్షణం అది. నాకు మాత్రం ఆ నిశ్శబ్దం మీద నమ్మకం లేదు. జాలి పుట్టటానికి అర నిమిషం చాలు, పోవటానికీ అంతే పడుతుంది. గంట కొట్టగానే క్యాంటీన్‌కి వెళ్తారు. అది వాళ్ళ తప్పు కాదు. ఆ ఫొటో వాళ్ళకి ఇచ్చిన పని చూడటం ఒక్కటే, ఆ పని వాళ్ళు చేసేశారు.

ఒకసారి వెనక బెంచీ అమ్మాయి ఒకతె మాత్రం, "ఆమెని అడిగి తీశారా మేడమ్?" అంది. ఆ ప్రశ్న పాఠాన్ని ఇంకో దారి పట్టిస్తుంది. ముఖం మీది జుట్టు ఆమెని కాపాడుతోందా, చెరిపేస్తోందా? ఆ చేతులు ఏడుపుని దాస్తున్నాయా, కెమెరాని వద్దంటున్నాయా? ఫొటో ఈ రెంటికీ చోటిస్తుంది, ఏదీ తేల్చి చెప్పదు. తేల్చి చెప్పనిదాన్ని మనం మనకి కావలసిన అర్థంతో నింపుకుంటాం. దేశానికి అవమానపడ్డ తల్లి కావాలి, ఉద్యమానికి సాక్ష్యం కావాలి, పాఠానికి కన్నీళ్ళు కావాలి. ఆ చేతులు గల మనిషికి ఏం కావాలో అడిగినవాళ్ళు తక్కువ.

వర్జీనియా వుల్ఫ్ 1938లో 'త్రీ గినీస్' రాసినప్పుడు స్పెయిన్ అంతర్యుద్ధం ఫొటోల గురించి పదే పదే మాట్లాడింది. శవాల గురించీ కూలిన ఇళ్ళ గురించీ చెప్పింది గానీ, ఆ ఫొటోలని పుస్తకంలో వెయ్యలేదు. సూజన్ సాంటాగ్ 2003లో 'రిగార్డింగ్ ది పెయిన్ ఆఫ్ అదర్స్'లో అక్కణ్ణుంచే మొదలుపెట్టి వుల్ఫ్‌తో వాదానికి దిగింది. ఇతరుల బాధని చూస్తున్నప్పుడు 'మనం' అనే మాటని అంత సులువుగా వాడకూడదన్నది ఆమె పట్టుదల. హైదరాబాదులోనో విశాఖలోనో తరగతి గదిలో కూర్చున్న 'మనం', ఆ ఫొటోలో స్త్రీకి ఏమవుతాం? ఆడవాళ్ళం కాబట్టి ఆమె వైపే ఉన్నామని అనుకోవటం బాగానే ఉంటుంది. కానీ ఆ యుద్ధంలో గెలిచిన సైన్యం దేశపు పౌరులం కూడా. మన చూపుకీ ఒక జెండా ఉంది.

కెమెరా పక్కన నిలబడి ఊరికే చూసే వస్తువు కాదని విద్యార్థులకి అర్థం కావటానికి నేను ఎంచుకునే ఉదాహరణ స్త్రీలది కాదు. డిసెంబరు 18న, లొంగుబాటు అయిన రెండోరోజే, ఢాకాలో జరిగిన బహిరంగ సభ చివర్లో, పాకిస్తాన్ సైన్యానికి సహకరించారన్న అనుమానంతో పట్టుకున్న కొందరిని జనం ఎదుట హింసించి బాయొనెట్లతో పొడిచి చంపారు. హోర్స్ట్ ఫాస్, మిషెల్ లారాన్ అక్కడే ఉండి ఫొటోలు తీశారు. ఆ ఫొటోలకి 1972లో పులిట్జర్ బహుమతి వచ్చింది. మార్క్ రిబూ, పెన్నీ ట్వీడీ వంటి కొందరు ఫొటోగ్రాఫర్లు మాత్రం అక్కణ్ణుంచి వెళ్ళిపోయారు. కెమెరాల కోసమే ఇదంతా జరుగుతోందని, తాము లేకపోతే ఆ చావులు ఆగుతాయేమోనని వాళ్ళకి అనిపించింది. చావులు ఆగలేదు. ఉండిపోయినవాళ్ళ వల్ల ఆ హత్యల సంగతి ప్రపంచానికి తెలిసింది. ఎవరు సరైనవాళ్ళు? తరగతిలో దీని మీద గంటసేపు వాదన నడుస్తుంది, తేలదు. తేలక్కర్లేదు కూడా. ఫొటో వెనక ఒక మనిషి నిలబడి ఉన్నాడని, ఆ మనిషి ఒక నిర్ణయం తీసుకున్నాడని తెలిస్తే అప్పటికి చాలు.

ఇక స్త్రీల దగ్గరికి వద్దాం. యుద్ధం ముగియగానే బంగ్లాదేశ్ ప్రభుత్వం అత్యాచారానికి గురైన స్త్రీలకి 'బీరాంగనా' అని పేరు పెట్టింది. మన వీరాంగనే. గౌరవించాలన్న ఉద్దేశంతోనే పెట్టారు. దానితో పాటు పునరావాస కేంద్రాలూ, గర్భస్రావాలకి ఏర్పాట్లూ, పుట్టిన పిల్లల్ని విదేశాలకి దత్తతివ్వటమూ, పెళ్ళిళ్ళు చేసే ప్రయత్నమూ జరిగాయి. జనం నోళ్ళలో ఆ బిరుదు ఎంత తొందరగా తిరగబడిందో చెప్పటానికి తెలుగువాళ్ళకి వివరణ అక్కర్లేదు. వీరాంగనకీ వారాంగనకీ మధ్య తేడా ఒక్క గుడి దీర్ఘమే. బెంగాలీలోనూ అంతే. ఒక్క అచ్చు మార్చి ఆ స్త్రీలని వేశ్యలన్నారు. గౌరవం ఇవ్వటానికి కూడా స్త్రీని ఆమె శరీరానికి జరిగినదాంతోనే పిలిచినప్పుడు, ఆ గౌరవం తిట్టుగా మారటానికి ఎంతోసేపు పట్టదు.

20 ఏళ్ళ తర్వాత జరిగిన సంగతి ఇంకా బాధాకరం. 1992 మార్చి 26న ఢాకాలో 'గణ అదాలత్', అంటే ప్రజా న్యాయస్థానం జరిగింది. యుద్ధనేరాలకి శిక్ష పడలేదన్న ఆగ్రహంతో లక్షలాది జనం వచ్చారు. నియాజీ సంతకం పెట్టిన మైదానంలోనే, దాని పేరు అప్పటికి సుహ్రావర్దీ ఉద్యానం. కుష్టియా ప్రాంతపు పల్లె నుంచి ముగ్గురు పేద స్త్రీలని సాక్షులుగా తీసుకొచ్చారు. వాళ్ళ ఫొటో పత్రికల్లో వచ్చింది. నయనికా ముఖర్జీ 1990ల చివర్లో ఆ స్త్రీల మధ్య ఉండి చేసిన పరిశోధన 2015లో 'ది స్పెక్ట్రల్ వూండ్' అనే పుస్తకంగా వచ్చింది. ఆ ఫొటో తర్వాత ఊళ్ళో వాళ్ళు పడ్డ ఎత్తిపొడుపు మాటలు అందులో ఉన్నాయి. వాళ్ళకి జరిగినది ఊరికి అంతకుముందు తెలియక కాదు. తెలుసు. తెలిసీ ఎవరూ ఎత్తకుండా 20 ఏళ్ళు గడిపారు. ఆ స్త్రీలు భర్తలతో, పిల్లలతో, ఇంటిపనితో, పేదరికంతో బతికారు. పత్రికలో బొమ్మ పడ్డాక ఆ మౌనపు ఒప్పందం తెగిపోయింది. అత్యాచారం వల్ల పోని బతుకు ఫొటో వల్ల ఛిద్రమైంది.

ఆ గణ అదాలత్‌కి నాయకత్వం వహించింది జహనారా ఇమామ్. దుర్మార్గురాలు కాదు, మనలాంటి మనిషి. రచయిత్రి, టీచరు, తల్లి. కొడుకు రూమీ ముక్తిబాహినిలో చేరి 1971 ఆగస్టు చివర్లో సైన్యానికి చిక్కి తిరిగి రాలేదు. విజయానికి మూడు రోజుల ముందు భర్త చనిపోయాడు. ఆ 9 నెలల డైరీ 'ఏకాత్తొరేర్ దిన్‌గులి' 1986లో పుస్తకంగా వచ్చింది. నేను విద్యార్థుల చేత చదివించే పుస్తకాల్లో అదొకటి. కొడుకు కోసం క్షమాభిక్ష అర్జీ పెట్టుకోవచ్చని దారి చూపించినా, అది వాడి ఆత్మగౌరవాన్ని చంపటమే అవుతుందని ఆ తల్లిదండ్రులు మానుకుంటారు. ఆ పేజీల దగ్గర ప్రతి ఏడూ తరగతి రెండుగా చీలుతుంది. కొడుకు గౌరవం గురించి అంత నొప్పితో ఆలోచించిన మనిషి నాయకత్వంలోనే, ముగ్గురు పేద స్త్రీల ఫొటో తర్వాత ఏమవుతుందన్న ఆలోచన ఎలా జారిపోయింది? ఈ ప్రశ్న ఆమెని నిందించటానికి కాదు. న్యాయం వైపు నిలబడ్డవాళ్ళం కాబట్టి మన చూపు గాయపరచదని అనుకునే మన అందరి ధీమా గురించి. ఢాకా చదువుకున్న స్త్రీకీ కుష్టియా పల్లె స్త్రీకీ మధ్య ఉన్న వర్గభేదం గురించి. ఎవరి బాధ సాక్ష్యమవుతుందో, ఎవరి బాధ డైరీ అవుతుందో నిర్ణయించేది ఆ భేదమే.

దీనికి పక్కనే నీలిమా ఇబ్రహీంని పెట్టి చూడాలి. యుద్ధం తర్వాత పునరావాస కేంద్రాల్లో పనిచేసిన ఈ ప్రొఫెసరు అక్కడ కలిసిన స్త్రీల కథల్ని ఎన్నో ఏళ్ళు తనలోనే ఉంచుకుంది. 'ఆమి బీరాంగనా బోల్చి' మొదటి సంపుటం 1994లో వచ్చింది. రెండు సంపుటాల్లో ఏడుగురు స్త్రీలు 'నేను' అంటూ మాట్లాడతారు. మూడో సంపుటం రాయనని ఆమె ప్రకటించింది. తన ఆరోగ్యం ఒక కారణం. తిరిగి సంకుచితంగా మారుతున్న సమాజం ముందు ఆ స్త్రీలని ఇంకోసారి అవమానానికి గురిచేయటం ఇష్టం లేకపోవటం మరో కారణం. రాయగలిగీ రాయకుండా ఆగిన ఆ చోటు నాకు ఆ పుస్తకంలో అన్నిటికన్నా ముఖ్యమైన పాఠంగా కనిపిస్తుంది. మనం సాధారణంగా గొంతు విప్పటాన్నే విముక్తి అంటాం. ఎవరి ముందు విప్పాలి, విన్నవాళ్ళు ఆ తర్వాత ఏం చేస్తారు అన్న ప్రశ్నలు పక్కన లేకపోతే గొంతు విప్పమనటం కూడా ఒక బలవంతమే.

షాహీన్ అఖ్తర్ నవల 'తలాష్' 2004లో వచ్చింది. 'ది సెర్చ్' పేరుతో 2011లో జుబాన్ ఆంగ్లంలో వేసింది. అందులో మరియమ్ కథని వినటానికి యుద్ధం అయిన ఎన్నో ఏళ్ళకి ముక్తి అనే పరిశోధకురాలు వస్తుంది. నవల యుద్ధంతో ఆగదు. తర్వాతి ఇళ్ళు, ఉద్యోగాలు, నమ్మిన మగవాళ్ళు, వదిలేసినవాళ్ళు అన్నీ ఉంటాయి. అది చదివాక విద్యార్థులు మరియమ్ మీద విసుక్కుంటారు కూడా. "అలా ఎందుకు చేసింది?" అని కోప్పడతారు. నాకు ఆ కోపం సంతోషాన్నిస్తుంది. జుట్టు వెనక దాగిన ముఖం మీద ఎవరికీ కోపం రాదు, జాలే వస్తుంది. కోపం వచ్చిందంటే ఎదురుగా ఉన్నది మనిషని గుర్తించినట్టు. ఫొటో ఆమెని ఒక్క క్షణంలో నిలిపేస్తే, నవల ఆమెకి రేపటిని తిరిగి ఇస్తుంది. చదవటం నెమ్మదైన పని కాబట్టి తొందరపడి తీర్పు చెప్పే అవకాశమూ తగ్గుతుంది.

అలాగని ఫొటోలు వద్దనటం నా ఉద్దేశం కాదు. అలా అనటం చాలా సులువు. బొమ్మ లేకపోతే ఏమవుతుందో మనం మన దేశంలోనే చూశాం. మణిపూర్‌లో 2023 మే 4న ఇద్దరు స్త్రీలని వివస్త్రలుగా ఊరేగించారు. అదే నెలలో ఫిర్యాదు నమోదైంది. జులై 19న వీడియో బయటికి వచ్చేదాకా దేశం కదల్లేదు. కదిలించినది కూడా ఆ స్త్రీలని మళ్ళీ మళ్ళీ లక్షల ఫోన్లలో ఊరేగించిన వీడియోనే. ఆ వీడియో చూసిన పిల్లలే ఇప్పుడు తరగతిలో కూర్చున్నారు. వాళ్ళకి భయంకరమైన బొమ్మలు కొత్త కాదు. వాళ్ళకి లేనిదల్లా బొమ్మ ముందు ఆగే అలవాటు. జరిగినదాన్ని జరగలేదనేవాళ్ళు ఉన్నంతకాలం ఫొటో సాక్ష్యంగా కావాలి. కానీ కోర్టుకి కావలసిన సాక్ష్యమూ తరగతికి కావలసిన అవగాహనా ఒకటి కాదు. నేరం జరిగిందని రుజువు చేసే బాధ్యత టీచరుది కాదు. నేరం జరిగిన మనిషితో కలిసి బతకటం నేర్పే బాధ్యత మాత్రం కొంత ఉంది.

అందుకే నేను వరస మార్చాను. ముందు చదవటం, తర్వాత చూడటం. డైరీ, ఆ ఏడుగురి కథల్లో రెండు, తర్వాత నవల. ఆ తర్వాతే ఫొటోలు. అన్నీ కాదు. ప్రాణం పోతున్న మనిషివి, వివస్త్ర అయిన స్త్రీవి చూపించను. వాటి గురించి చెప్తాను. చూపించే ప్రతి ఫొటోకి నాలుగు ప్రశ్నలు రాసుకోమంటాను. తీసింది ఎవరు, ఎవరి కోసం తీశారు, ఇందులో ఉన్న మనిషి ఈ ఫొటో చూసి ఉంటుందా, ఫొటో తర్వాత ఆమె ఎక్కడికి వెళ్ళింది. నాలుగో ప్రశ్నకి చాలాసార్లు జవాబు దొరకదు. ఆ ఖాళీని ఊహతో నింపొద్దని, ఖాళీగానే ఉంచమని చెప్తాను. యాస్మిన్ సైకియా 2011లో రాసిన పుస్తకం నుంచి కొన్ని పేజీలు కూడా చదువుతాం. ఉర్దూ మాట్లాడే బిహారీ స్త్రీల మీద బెంగాలీ మగవాళ్ళు చేసిన హింస అందులో ఉంటుంది. ఆ పేజీలు లేకపోతే మొదట్లో అన్న ఆ జెండా మన కళ్ళ మీద నుంచి జరగదు.

ఈ క్రమంలో తెలుగు విద్యార్థులు ఒక మాట దగ్గర ఉలిక్కిపడతారు. రజాకార్. తెలంగాణ పిల్లలకి అది తాతల కాలం నుంచి తెలిసిన మాట, 1948కి ముందు హైదరాబాదు రాజ్యంలో కాశిం రజ్వీ మనుషుల పేరు. బంగ్లాదేశ్‌లో అది 1971లో పాకిస్తాన్ సైన్యానికి సాయపడ్డ దళాల పేరు. 2024 జులైలో ఢాకా విశ్వవిద్యాలయం విద్యార్థులు ప్రధాని తమని ఆ మాటతో కించపరిచిందని, దాన్నే నినాదంగా మార్చి ఆమె మీదికి తిప్పారు. రెండు చరిత్రలనీ ఒకటి చెయ్యకూడదు. అయినా ఆ మాట వల్ల యుద్ధం ఎక్కడో దూరంగా లేదని వాళ్ళకి తెలుస్తుంది. అప్పుడు 'మనకు తెలియని మన చరిత్ర' చేతిలో పెడతాను. 1986లో స్త్రీశక్తి సంఘటన తెలంగాణ పోరాట స్త్రీల దగ్గరికి వెళ్ళి విని రాసిన పుస్తకం అది. తుపాకి పట్టిన స్త్రీ బొమ్మ మనకి గర్వకారణం. పోరాటం ఆగాక ఆ స్త్రీలని ఇంటికి వెళ్ళమన్నారన్నది ఆ బొమ్మలో లేదు, వాళ్ళ మాటల్లో ఉంది. అవమానపడ్డ స్త్రీ బొమ్మనీ వీరనారి బొమ్మనీ పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒక్కచోటే ఆగుతాయని తెలుస్తుంది. ఆ తర్వాత ఆమె ఎలా బతికిందని అడగాల్సిన చోట.

చివరి తరగతిలో నేను చూపించేది ఫెర్దౌసీ ప్రియభాషిణి ఫొటో. 1971లో ఖుల్నాలో జూట్ మిల్లులో పనిచేస్తున్న యువతి. తనకి జరిగినదాన్ని 1999లో తన పేరుతో, తన ముఖంతో, తానే చెప్పింది. ఎండిన కొమ్మలూ పారేసిన చెక్కముక్కలూ ఏరి శిల్పాలు చేసేది. 2018లో చనిపోయింది. ఫొటోలో నుదుటి మీద పెద్ద బొట్టు ఉంటుంది, ముఖం మీద జుట్టు ఉండదు. అందరూ ఆమెలా ముఖం చూపించాలని కాదు. చూపించని స్త్రీలు పిరికివాళ్ళూ కాదు. కెమెరా ముందుకి ఎప్పుడు రావాలో, అసలు రావాలో వద్దో నిర్ణయించుకోవటానికి ఆమెకి 28 ఏళ్ళు పట్టింది. కుష్టియా స్త్రీలకి ఆ వ్యవధి ఎవరూ ఇవ్వలేదు. తెర మీద ఆమె మన వైపు చూస్తున్నప్పుడు గది మళ్ళీ నిశ్శబ్దమవుతుంది. కానీ ఈసారి ఎవరూ తల దించుకోరు.